మందు నెదిరించిన వైరసు: పసికందుల కొరకు జరిగిన శోధన

వ్యాధులకు మందులు కనుగొనిన కథలను మన శ్రోతలు పలుమారులు వినియున్నారు. మశూచికి టీకా, మలేరియాకు క్వినైను, క్షయకు స్ట్రెప్టోమైసిను, ఇవన్నియు విజయగాథలే. కాని ఇట్టి ప్రతి గాథకును వెనుక మరియొక కథ గలదు. నిన్నటివరకు పనిచేసిన మందు నేడు పనిచేయుట లేదని వైద్యుడు ఎట్లు గ్రహించును? రోగము ముదిరినదా, మోతాదు చాలలేదా, లేక రోగకారణమైన జీవియే మారిపోయినదా? పెద్దవారు తమ బాధను నోటితో చెప్పుకొనగలరు. తల్లి గర్భములోనే వ్యాధి సోకి జన్మించిన శిశువు ఏమి చెప్పగలదు? ఆ శిశువు పక్షమున జవాబు చెప్పవలసిన భారము ప్రయోగశాలపై బడినది. ఆ పనిని ప్రయోగశాల ఎట్లు నేర్చుకొనినదో, సైటోమెగాలో వైరసును ఉదాహరణముగా గైకొని, నేడు మనవి చేయుచున్నాము.

పేరు పలుకుటకు కష్టమైనను దాని అర్థము సులభము. 'సైటో' అనగా కణము. 'మెగాలో' అనగా పెద్దది. ఈ వైరసు సోకిన కణము ఉబ్బి, తన తోటి కణములకంటె ఎన్నో రెట్లు పెద్దదై కనబడును. మనలో అధిక సంఖ్యాకులకు ఇది బాల్యములోనే సోకి, ఏ చిహ్నమును చూపక, జీవితాంతము శరీరములో నిద్రాణమై యుండును. ఆరోగ్యవంతునకు దీనివలన కలుగు హాని స్వల్పము. గర్భస్థశిశువు విషయము వేరు. తల్లికి గర్భకాలములో ఈ వైరసు క్రొత్తగా సోకినను, పాతది మేల్కొనినను, లేక మరియొక జాతి వైరసు మరల సోకినను, అది మాయను దాటి శిశువును చేరవచ్చును. 2021లో ప్రకటింపబడిన ఒక ప్రపంచవ్యాప్త సమీక్ష ప్రకారము, సంపన్నదేశములలో ప్రతి 1,000 మంది నవజాత శిశువులలో ఇంచుమించు 5 గురును, తక్కువ ఆదాయముగల దేశములలో ఇంచుమించు 14 గురును ఈ వైరసుతో జన్మించుచున్నారు. వీరిలో పదింట తొమ్మండుగురు పుట్టుకనాడు పూర్తి ఆరోగ్యముతో నున్నట్లే కనబడుదురు. తక్కినవారికి కామెర్లు, కాలేయము, ప్లీహము పెరుగుట, చర్మముపై ఎఱ్ఱని చుక్కలు, తల చిన్నదగుట మొదలైన లక్షణము లుండును. ఆరోగ్యముగా కనబడిన వారిలోను నూటికి 10 మొదలు 15 మందికి పిమ్మట వినికిడి తగ్గును. ఈ నష్టము పుట్టిననాడే యుండనక్కరలేదు. నెలలు గడచిన పిదప, కొన్ని యెడల సంవత్సరములు గడచిన పిదప బయటపడును. బిడ్డకు మాటలు ఆలస్యమగుచున్నవని తల్లిదండ్రులు కలతచెందువేళకు, కారణము వెదకుటకు తగిన కాలము దాటిపోయి యుండును.

ఈ వ్యాధి మానవుని కంటబడుటకును, దాని కారణము తెలియుటకును నడుమ ముక్కాలు శతాబ్దము గడచినది. 1881లో హ్యూగో రిబ్బెర్టు అను జర్మను వైద్యశాస్త్రజ్ఞుడు మృతజాతశిశువు యొక్క మూత్రపిండములో వింతగా పెద్దవైన కణములను చూచెను. అవి ఏమియో ఆయనకు బోధపడలేదు. 1904లో యెసియోనెక్, కియోలెమెనోగ్లూ అను ఇరువురు గర్భస్థశిశువు అవయవములలో అట్టి కణములనే కనుగొని, అవి ఏకకణజీవులైన ప్రోటోజోవాలు కావచ్చునని తలంచిరి. అదే సంవత్సరమున రిబ్బెర్టు కూడ తాను వెనుక చూచిన దానిని ప్రకటించెను. 1921లో గుడ్‌పాశ్చర్, టాల్బట్ అనువారు ఇవి పరాన్నజీవులు కావనియు, శరీరకణములే ఏదో కారణమున ఉబ్బినవనియు వాదించిరి. 1952లో ఫెటర్మన్ అను వైద్యుడు జీవించియున్న శిశువు మూత్రములో ఈ కణములను సూక్ష్మదర్శినితో గుర్తించెను. అంతవరకు మరణానంతరము మాత్రమే తెలియవచ్చుచుండిన వ్యాధిని బ్రదికియుండగనే పట్టుకొనుట ఆనాటినుండి సాధ్యమైనది.

వైరసును వేరుచేసిన యశము ముగ్గురిది. 1956లో సెయింట్ లూయీ నగరమున మార్గరెట్ స్మిత్ అను విదుషియు, బెథెస్డాలో వాలేస్ రోవియు, 1957లో బోస్టనులో థామస్ వెల్లరును ఎవరికి వారే దీనిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. వెల్లరు వెదకినది ఈ వైరసును కాదు. ఒక శిశువు కాలేయపు ముక్కలో టాక్సోప్లాస్మా అను పరాన్నజీవి యున్నదేమో యని చూడగా ఆయనకు ఇది దొరికినది. పోలియో వైరసును కణజాలములో పెంచినందుకు 1954లో నోబెలు బహుమానము పొందిన మువ్వురిలో ఆయన యొకడు. 1960లో ఈ వైరసునకు నేటి పేరు పెట్టినదియు ఆయనయే. రోవి వేరుచేసిన జాతి ఎ.డి. 169 అను గుర్తుతో ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిటికిని చేరినది. మన కథలో అది మరల కనబడును.

కారణము తెలిసినంతనే చికిత్స దొరకలేదు. సుమారు మూడు దశాబ్దములు వైద్యులు ఈ వైరసును గుర్తింపగలిగిరే కాని అణచలేకపోయిరి. 1980వ దశకములో గాన్‌సైక్లోవిర్ అను మందు వచ్చినది. అది పనిచేయు విధమును కొంచెము వివరించిననే తరువాతి కథ బోధపడును. వైరసు తన వంశమును పెంచుకొనుటకు తన డి.ఎన్.ఎ. గొలుసునకు నకళ్లు తీయవలెను. ఆ గొలుసులోని పూసలలో ఒకదానిని ఈ మందు పోలియుండును. వైరసు దానిని నిజమైన పూసయని భ్రమించి గొలుసులో కూర్చుకొనును. అంతటితో గొలుసు పెరుగుట మందగించి నిలిచిపోవును. కాని శరీరములో ప్రవేశించిన మందు తనంతట తాను పనిచేయదు. దానికి మూడు ఫాస్ఫేటు ముక్కలు వరుసగా అతుకవలెను. మొదటి ముక్కను అతుకునది వైరసు తానే తయారుచేసిన ఒక ఎంజైము. తక్కిన రెంటిని మన కణములందలి ఎంజైములు అతుకును. కనుక వైరసు సోకిన కణములోనే మందు ప్రధానముగా మేల్కొనును. శత్రువు చేతనే తాళము తీయించుట యన్నమాట.

ఈ ఫాస్ఫేటు ముక్కను ఇచ్చునది ఎ.టి.పి. అను పదార్థము. సకల జీవకణములందును శక్తిని మోయు ఈ పదార్థమును 1929లో అమెరికాలోని హార్వర్డులో సైరస్ ఫిస్కెతో కలిసి కనుగొనినవాడు భీమవరమున జన్మించిన డాక్టరు యెల్లాప్రగడ సుబ్బారావు గారు. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ కూడ దానిని వేరుగా కనుగొనెను. సుబ్బారావు గారు ఈ వైరసుపై పనిచేయలేదు. 1948లోనే ఆయన పరమపదించిరి. అయినను ఈ మందు శరీరములో మేల్కొను తొలి మెట్టులో ఆయన శోధించిన పదార్థమే ఖర్చగుచున్నదని తెలిసికొనుట తెలుగువారికి ముదావహము.

గాన్‌సైక్లోవిరు మొదట పసిపిల్లల కొరకు రాలేదు. ఎయిడ్సు వ్యాధిగ్రస్తులకు ఈ వైరసువలన కనుచూపు పోవుచుండగా, 1989లో అమెరికా ప్రభుత్వము ఆ ప్రయోజనమునకు దీనిని అనుమతించినది. అదే సంవత్సరమున మిన్నెసోటాలోని వైద్యులు రోగనిరోధకశక్తి క్షీణించిన ముగ్గురు రోగుల వృత్తాంతమును ప్రకటించిరి. మందు ఇచ్చుచున్నను వారి వ్యాధి ముదిరినది. వారి శరీరమునుండి తీసిన వైరసును ప్రయోగశాలలో పెంచి మందుతో పరీక్షింపగా అది లొంగలేదు. మందునకు అనుమతియు, దానిని ఎదిరించు వైరసును ఒక్క సంవత్సరముననే చరిత్రకెక్కినవి.

ఆనాటి పరీక్షావిధానము ఇట్టిది. రోగి మూత్రమునుండి గాని, రక్తమునుండి గాని వైరసును గ్రహించి, గాజుపాత్రలలో పెంచిన మానవకణములపై వేయుదురు. వైరసు పెరిగిన చోట్ల కణములు నశించి చిన్న చిన్న ఖాళీలు ఏర్పడును. ఒక్కొక్క పాత్రలో ఒక్కొక్క మోతాదున మందు కలిపి, ఏ మోతాదునకు ఈ ఖాళీలు సగమగునో లెక్కింతురు. మామూలుకంటె హెచ్చు మందు కావలసివచ్చినచో ఆ వైరసు మందు నెదిరించుచున్నదని నిర్ణయింతురు. ఈ పద్ధతి సూటియైనది. వైరసు ఏమి చేయగలదో కంటితో చూచి చెప్పును. కాని సైటోమెగాలో వైరసు మిక్కిలి నిదానముగా పెరుగునది. ఫలితము తెలియుటకు నాలుగు వారములు, ఆరు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును. పుట్టి రెండు నెలలైన బిడ్డకు ఆరు వారములనగా దాని ఆయువులో పెద్దభాగము.

దీనికి మరియొక దోషము కూడ గలదు. ప్రయోగశాలలో పలుమారులు పెంచబడిన వైరసు రోగి శరీరములోని వైరసును సంపూర్ణముగా పోలియుండదు. ఎ.డి. 169 జాతి దశాబ్దములపాటు పాత్రలలో పెరిగి, రోగులనుండి అప్పుడే తీసిన వైరసులలో నుండు కనీసము 19 జన్యువులను పోగొట్టుకొనినదని 1996లో తేలినది. పాత్రలో పెరుగుటకు అనువైన వైరసు ముందుకు వచ్చి, అనువుకానిది మరుగుపడును. మందు నెదిరించు వైరసు ఆ మరుగుపడినవానిలో నుండినచో పరీక్ష తప్పుదారి పట్టును.

కనుక వైరసును పెంచుట మాని, దాని జన్యువులను చదువుట మేలని శాస్త్రజ్ఞులు తలంచిరి. దానికి దారి క్రమముగా ఏర్పడుచుండెను. 1977లో ఫ్రెడరిక్ సాంగర్ డి.ఎన్.ఎ. అక్షరములను వరుసగా చదువు విధానమును కనుగొనెను. 1983లో కారీ మల్లిస్ ఊహించిన పి.సి.ఆర్. ప్రక్రియవలన స్వల్పమైన డి.ఎన్.ఎ.ను కోట్లకొలది ప్రతులుగా హెచ్చించుట సాధ్యమైనది. 1990లో ఎ.డి. 169 జాతి యొక్క సంపూర్ణ లిపి, అనగా ఇంచుమించు 2,30,000 అక్షరములు, చదువబడినది. 1992లో రెండు పరిశోధక బృందములు అసలు రహస్యమును బయటపెట్టినవి. గాన్‌సైక్లోవిరునకు మొదటి ఫాస్ఫేటును అతుకు ఎంజైము యు.ఎల్. 97 అను జన్యువునుండి తయారగుచున్నది. ఆ జన్యువులో ఒక్క అక్షరము మారినను ఎంజైము మందును గుర్తింపక పోవచ్చును. అప్పుడు తాళము తీయబడదు. మందు నిద్రలోనే యుండును.

ఆ పిదప పలువురు రోగుల వైరసులను చదివి చూడగా ఒక చక్కని సంగతి తెలిసినది. ఈ ఎంజైములో 707 అమైనో ఆమ్లము లున్నను, మందు నెదిరించు మార్పులు ఎక్కడబడిన అక్కడ రావు. 460వ స్థానము, 520వ స్థానము, 590 మొదలు 607 వరకుగల భాగము, ఈ మూడు చోట్లనే అధికభాగము కనబడుచున్నవి. ఊరిలోని దొంగ ఎప్పుడును ఆ రెండు మూడు సందులలోనే తిరుగుచున్నాడని తెలిసినచో కావలివానికి పని తేలిక గదా! ప్రయోగశాలకును అట్లే పని తగ్గినది. వారముల పరీక్ష దినముల పరీక్షగా మారినది. అయితే జన్యువులో కనబడిన ప్రతి మార్పును దోషముగా నెంచరాదు. మనుష్యుల ముఖములవలెనే వైరసుల జన్యువులును సహజముగా కొంత భేదించియుండును. ఏ మార్పు నిరపాయకరము, ఏ మార్పు మందు నెదిరించునది అను సంగతి తేల్చుటకు, ఆ ఒక్క మార్పునే ప్రయోగశాలలోని వైరసులో ప్రవేశపెట్టి మందుతో పరీక్షింపవలెను. ఓపికతో ఈ పని సాగించినవారిలో ఓరెగాన్ రాష్ట్రములోని సన్వెన్ చౌ ప్రముఖుడు.

ఇక మరల శిశువుల కడకు వత్తము. పుట్టుకతో ఈ వైరసు సోకి, నాడీమండలము దెబ్బతినిన శిశువులకు గాన్‌సైక్లోవిరును ఆరు వారములపాటు నరములోనికి ఎక్కించి చూచిన ఫలితములను డేవిడ్ కింబర్లిన్, ఆయన సహచరులు 2003లో ప్రకటించిరి. ఆరు నెలల పిదప వినికిడిని పరీక్షింపగా, మందు పొందిన 25 గురిలో ఒక్కరికిని అది క్షీణింపలేదు. మందు పొందని 17 గురిలో ఏడుగురికి క్షీణించినది. కాని మందు పొందినవారిలో ఇంచుమించు మూడింట రెండువంతుల మందికి రక్తములో న్యూట్రోఫిలులను తెల్లకణములు తగ్గిపోయినవి. 2015లో అదే బృందము నోటిద్వారా ఇచ్చు వాల్‌గాన్‌సైక్లోవిరును 96 మంది శిశువులయందు పరీక్షించినది. ఆరు వారములు ఇచ్చుటకంటె ఆరు నెలలు ఇచ్చుటవలన రెండు సంవత్సరముల వయస్సున వినికిడి కొంత మెరుగుగా నుండెను. నిలిచిన లేక మెరుగైన చెవులు ఒక పక్షమున నూటికి 77, మరియొక పక్షమున నూటికి 64. ఆనాటినుండి, లక్షణములు స్పష్టముగా నున్న శిశువులకు ఆరు నెలల చికిత్స ఆచారమైనది.

ఈ మేలుతోపాటే చిక్కును వచ్చినది. మందు నెదిరించు వైరసు పుట్టుటకు మూడు పరిస్థితులు అనుకూలించును: వైరసు విస్తారముగా నుండుట, దానిని అణచు శరీరబలము తక్కువగుట, మందు చాలకాలము చాలీచాలకుండ అందుట. పుట్టుకతో వ్యాధి సోకిన శిశువునందు మొదటి రెండును సహజముగనే గలవు. దాని మూత్రములోని వైరసు పరిమాణము మిక్కిలి హెచ్చు. దాని రోగనిరోధకశక్తి ఇంకను పరిపక్వము కాలేదు. మూడవదియు సులభముగా సంభవింపవచ్చును. నోటిమందును శిశువు బరువు ననుసరించి, కిలోకు 16 మిల్లీగ్రాముల చొప్పున దినమునకు రెండుసార్లు ఇత్తురు. బిడ్డ అయిదారు నెలలలో తన పుట్టుకబరువునకు రెట్టింపు పెరుగును. బరువు పెరిగినను మోతాదు పెంచనిచో, మొదటి నెలలో చాలిన మందు నాలుగవ నెలకు చాలదు. వైరసును చంపక, దానికి సాముగరిడీలు నేర్పినట్లగును.

సాధారణముగా తల్లినుండి శిశువునకు వచ్చు వైరసు ఈ మందును ఎన్నడును చూచియుండదు. కనుక మొదట లొంగును. ఎదిరింపు చికిత్స నడుమ పుట్టును. ఆరోగ్యవంతమైన రోగనిరోధకశక్తి గల శిశువులలో ఇది అరుదే. అయినను నోటిమందు వాడుచున్న ఒక శిశువునందు ఇట్టి వైరసు తలయెత్తినదని 2013లో మిన్నెసోటా వైద్యులు ప్రకటించిరి. ఇతర దేశములనుండియు అట్టి వృత్తాంతములు వెలువడినవి. అరుదైన దానిని గూర్చి ఇంత విచారమేల యని కొందరు అడుగవచ్చును. అది ఎవరికి వచ్చెనో ఆ బిడ్డ విషయములో అరుదు అను మాటకు అర్థము లేదు. రక్తకణములను తగ్గించు మందును, అది పనిచేయుట లేదని తెలియక, నెలల తరబడి ఇచ్చుటయే జరుగును.

ఇచ్చట వైద్యునకు రెండువైపుల ప్రమాదము గలదు. రక్తములోని వైరసు తగ్గి మరల పెరిగినంత మాత్రమున అది మందు నెదిరించుచున్నదని చెప్పరాదు. మోతాదు చాలకపోవచ్చును, బిడ్డ మందును కక్కివేయుచుండవచ్చును, తెల్లకణములు తగ్గినవని నడుమ కొన్నాళ్లు మందు ఆపియుండవచ్చును. చికిత్స ముగిసిన పిదప వైరసు మరల పెరుగుట చాలమంది శిశువులలో సహజము. అది ఎదిరింపు కానేకాదు. మూత్రములో వైరసు సంవత్సరముల తరబడి కనబడుట కూడ అట్టిదే. కనుక వైద్యుడు మొదట బరువును, మోతాదును సరిచూచి, మందు సక్రమముగా జరుగుచున్నను కొన్ని వారములలో వైరసు తగ్గకున్నచో, లేక తగ్గి మరల పెరిగినచో, అప్పుడు జన్యుపరీక్షకు పంపును. మందు మొదలిడుటకు పూర్వము తీసిన నమూనాను దాచియుంచుట మేలు. దానితో పోల్చిచూచినప్పుడు మార్పు పుట్టుకనాటిదో, చికిత్స నడుమ వచ్చినదో తెలియును.

జన్యుపరీక్షకును హద్దులు గలవు. సాంగరు విధానము నూటికి ఇంచుమించు 20 వంతులకు తక్కువగానున్న జాతిని పట్టలేదు. వందమంది గుంపులో పదిమంది మాత్రమే దొంగలైనచో వారు దానికి కనబడరు. ఇటీవల వచ్చిన క్రొత్త విధానములు డి.ఎన్.ఎ. ముక్కలను లక్షలకొలది వేరువేరుగా చదివి, నూటికి అయిదు వంతులున్న జాతిని కూడ చూపగలుగుచున్నవి. వీనివలన ఒక వాదమును పుట్టినది. 2011లో అమెరికాలోని మసాచుసెట్సు శాస్త్రజ్ఞులు పుట్టుకతో వ్యాధి సోకిన శిశువుల మూత్రములోని వైరసును చదివి, ఒక్క శిశువునందే వైరసు ఎంతయో భిన్నరూపములతో నున్నదని ప్రకటించిరి. డి.ఎన్.ఎ. వైరసులు నిదానముగా మారునని నమ్మినవారికి ఇది ఆశ్చర్యము గొలిపినది. 2019లో లండను శాస్త్రజ్ఞులు ఇతర రోగుల నమూనాలను పరిశీలించి, ఆ భిన్నత్వములో అధికభాగము ఒకే రోగికి రెండు మూడు జాతులు కలిసి సోకుటవలన వచ్చినదని చూపిరి. పరికరము చూపు ప్రతిదానిని అట్లే నమ్మక, దాని కారణమును విచారింపవలెనని ఈ వాదము నేర్పుచున్నది.

పరీక్షవలన తెలిసిన దానితో ప్రయోజనమేమి? మార్పు ఏ జన్యువులో వచ్చినదో తెలిసినచో తరువాతి మందును ఎంచుకొనవచ్చును. దోషము యు.ఎల్. 97లో మాత్రమే యున్నచో, ఆ తాళముతో పనిలేని ఫోస్కార్నెట్, సైడోఫోవిర్ అను మందులు పనిచేయగలవు. దోషము యు.ఎల్. 54లో, అనగా డి.ఎన్.ఎ. నకళ్లు తీయు యంత్రములోనే వచ్చినచో, ఒకటికంటె హెచ్చు మందులు ఒక్కసారిగా వమ్ము కావచ్చును. ఫోస్కార్నెటును, సైడోఫోవిరును మూత్రపిండములకు హాని చేయగలవి; పసికందునకు వానిని ఊరకే ఇచ్చిచూతమని ఇచ్చుటకు వీలులేదు. 2021లో అమెరికాలో మారిబావిర్ అను మందు అనుమతింపబడినది. అది అవయవమార్పిడి పొందిన పెద్దవారికిని, 12 సంవత్సరములు దాటిన పిల్లలకును ఉద్దేశింపబడినది. శిశువుల కొరకు కాదు. పైగా అది యు.ఎల్. 97 ఎంజైమునే అడ్డును. కనుక గాన్‌సైక్లోవిరుతో కలిపి ఇచ్చినచో ఆ మందు మేల్కొనుటకు ఇదియే ఆటంకమగును. శిశువునకు మిగిలిన మందులు ఇంత కొలది గనుకనే పరీక్ష అంత విలువైనది.

ఈ విషయములో మరియొక వైరసు చరిత్రమును స్మరించుట యుక్తము. 1999లో ఉగాండా దేశపు కంపాలా నగరములో జరిగిన పరిశోధనమున, ప్రసవవేళ తల్లికి ఒక్క మోతాదును, పుట్టిన బిడ్డకు ఒక్క మోతాదును నెవిరపిన్ అను మందు ఇచ్చినంతనే హెచ్.ఐ.వి. సోకుట ఇంచుమించు సగము తగ్గినది. పేదదేశములకు అది గొప్ప వరము. కాని ఆ మందు పొందియు వ్యాధి సోకిన 24 గురు శిశువులను పరీక్షింపగా, వారిలో 11 మందియందు మందు నెదిరించు వైరసు కనబడినది. ఆ మందు శరీరమునుండి నిదానముగా తొలగును. దాని చివరి స్వల్పమాత్రల నడుమ లొంగని వైరసు బలపడినది. ఈ సంగతి తెలిసినందువలననే, అట్టి శిశువులకు వేరుజాతి మందుతో చికిత్స మొదలిడవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2010లో సూచించినది. 2013లో ఆ సూచనను మూడేండ్లలోపు బిడ్డలందరికిని విస్తరించినది. అదే 2010లో మన దేశమున జాతీయ ఎయిడ్సు నియంత్రణ సంస్థ, శిశువు మడమనుండి తీసిన రక్తపు చుక్కలను కాగితముపై ఆరబెట్టి పంపి పరీక్షించు ఏర్పాటును ప్రారంభించినది. కొన్ని శిశువుల రక్తపుచుక్కలలో కనబడిన సత్యము ఖండాంతరములలోని చికిత్సను మార్చినది.

సైటోమెగాలో వైరసు విషయములో మనము ఇంకను మొదటిమెట్టుననే నిలిచియున్నాము. ఎదిరింపును కనిపెట్టుటకు పూర్వము వ్యాధిని కనిపెట్టవలెను. పుట్టిన 21 దినములలోపల మూత్రములోగాని, లాలాజలములోగాని వైరసు కనబడిననే అది పుట్టుకతో వచ్చినదని నిశ్చయింపవచ్చును. ఆ గడువు దాటినచో తల్లిపాలద్వారా గాని, ఇతరులవలన గాని సోకినదేమో చెప్పుట కష్టము. లాలాజలపరీక్ష వ్యాధిగల నూరుగురు శిశువులలో 97 గురికి మించి పట్టగలదని 2011లో తేలినది. తల్లిపాలలోని వైరసు నోటిలో కలియు అవకాశమున్నందున మూత్రముతో దానిని ధ్రువపరచుకొందురు. ఆరబెట్టిన రక్తపుచుక్క 2010 నాటి పరిశోధనలో మూడింట ఒకవంతును మాత్రమే పట్టినది. పిమ్మట ఆ విధానము ఎంతయో మెరుగుపడినది. 2019లో కెనడాలోని ఒంటారియోయు, 2023లో అమెరికాలోని మిన్నెసోటాయు రక్తపుచుక్కతో నవజాత శిశువుల నెల్లర పరీక్షించు ఏర్పాటును ఆరంభించినవి.

మన దేశములో గర్భవతులలో బహుశః అందరికిని ఈ వైరసు వెనుకనే సోకియుండును. అందువలన బిడ్డకు భయము లేదని తలంచుట పొరపాటు. పాతవైరసు మేల్కొనుటవలనను, క్రొత్తజాతి సోకుటవలనను శిశువులకు వ్యాధి వచ్చుచునే యున్నది. ఇంటిలో చిన్నపిల్లలుగల గర్భవతి, పిల్లల మూత్రమును, చొంగను తాకిన పిదప సబ్బుతో చేతులు కడుగుకొనుటయు, వారి ఎంగిలి తినకుండుటయు మంచి అలవాట్లు. బిడ్డ పుట్టగనే వినికిడిపరీక్ష చేయించుట, అందులో సందేహము తోచినచో మూడువారములు గడువకముందే వైద్యుని ఈ వైరసును గూర్చి అడుగుట మరవరాదు. చికిత్స పొందుచున్న బిడ్డను ప్రతి పర్యాయమును తూచి, ఆ బరువును మందుచీటిపై వ్రాయించుకొనుడు. వ్యయముతో కూడిన జన్యుపరీక్ష అందుబాటులో లేనిచోట కూడ ఒక తూనికయంత్రమును, ఒక చీటియు వైరసునకు సందు దొరకకుండ చాలవరకు కాపాడగలవు.